పేరు చెప్పని ప్రార్థన మనవి

నాచారంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఆదివారం మా చర్చి సంఘంలో సండే స్కూల్ పిల్లలకు బైబిలు వాక్యం చెబుతాను. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం రాకుండా చాలా ఏళ్లు గడిచాయి. అడ్డం వచ్చినప్పుడు నేనేం చేశానో రాద్దామని ఎన్నోసార్లు కూర్చుని, నాలుగు వాక్యాలు రాసి, లేచిపోయాను.

మా కరస్పాండెంట్ సార్ ఎవరి రిసెప్షన్‌కో వెళ్లి వచ్చారు. అక్కడ పెద్ద స్కూళ్ల పిల్లలు అతిథులకు ఎదురువచ్చి, చేయి కలిపి, పేరు చెప్పుకుని, కుర్చీ చూపించారట. మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో అదే మాట.

"మన పోరగాండ్లకు మార్కులొస్తున్నయి మేడం, మాటలొస్తలేవు. పెద్దమనిషి ఎదురొస్తే గోడకు బల్లి లెక్క అతుక్కుంటరు."

ఆ నెల నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతులకు శనివారం చివరి రెండు పీరియడ్లూ మర్యాద క్లాసు అయింది. పలకరించడం, నలుగురిలో కూర్చుని తినడం, అడగడం, వద్దనడం, క్షమాపణ చెప్పడం. చివరికి వార్షికోత్సవంలో ఒక డాన్సు. "సినిమాలల్ల తెల్లోళ్లు జంటలు జంటలుగ మెల్లగ తిరుగుతరు సూడు, గది" అన్నారు సార్. దాన్ని వాల్ట్జ్ అంటారని తర్వాత తెలిసింది.

"సార్, నేను విశ్వాసిని. డాన్సు నాకెందుకు సార్" అన్నాను.

"అందుకే మీకు. మీరుంటే తల్లిదండ్రులు ఫికర్ జెయ్యరు."

తార్నాక నుంచి ఒక ముసలి మాస్టారు నాలుగు శనివారాలు వచ్చి నాకూ, మా సైన్స్ మేడంకూ అడుగులు నేర్పారు. ముందుకు, పక్కకు, దగ్గరకు. వెనక్కి, పక్కకు, దగ్గరకు. సైన్స్ మేడం నాకన్నా జానెడు పొట్టి. ఒకటీ రెండూ మూడూ అంటూ చిక్కుడుకాయలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టేది. చిన్నప్పుడు మా వీధిలో బారాత్ పోతుంటే గడపలో నిలబడి కాలు కదిపానని మా నాన్న నాతో ఒక బైబిలు వాక్యం వంద సార్లు రాయించాడు. ఇప్పుడు అదే కాలితో వంటింట్లో స్టవ్‌కూ ఫ్రిజ్‌కూ మధ్య తిరుగుతూ అడుగులు నేర్చుకున్నాను. నాకు నచ్చింది. ఇది దాచి లాభం లేదు.

పిల్లలతో మొదటి నెల నవ్వులే. చేయి కలపమంటే మగపిల్లలు వేళ్లు విరిచేవారు, ఆడపిల్లలు రెండు వేళ్లు చూపించి లాక్కునేవారు. ఫోర్కు పట్టడం నేర్పడానికి క్యాంటీన్ నుంచి ఉప్మా తెప్పిస్తే, "టీచర్, దీన్ని పొడవాల్నా, ఎత్తాల్నా?" అని ఒకడు అడిగాడు. నాకూ తెలియదు. చెంచాతో తినమన్నాను.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. మా సంఘం పిల్లే. ఐదేళ్ల వయసు నుంచి నా సండే స్కూల్లో కూర్చుంది. తండ్రి నాచారంలోనే ఒక మందుల కంపెనీలో షిఫ్టు ఆపరేటర్, తల్లి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఆ అమ్మాయి వయసుకు మించి పొడుగు. ఆ పొడుగు కనపడకుండా భుజాలు ముందుకు వంచి నడిచేది. రెండు చేతులూ ఎప్పుడూ చున్నీ కొంగులో చుట్టుకుని ఉండేది. జంటలు కట్టే రోజు వచ్చేసరికి కడుపునొప్పి అంది. మరుసటి శనివారం కూడా కడుపునొప్పే. మూడోసారి నేను నల్లాల దగ్గర ఆపాను.

"నిజంగా కడుపునొప్పేనా?"

"కాదు టీచర్."

"మరి?"

అటూ ఇటూ చూసి అరచేయి చాపింది. గీతల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. అప్పుడే కడుక్కుందేమో అనుకున్నాను. చున్నీతో తుడుచుకుని మళ్లీ చాపింది. చూస్తుండగానే చిన్న చిన్న చుక్కలు లేచాయి.

"ఎప్పుడు గిట్లనే టీచర్. పరీక్షల పేపర్ తడుస్తదని చెయ్యి కింద అట్ట వెట్టుకుంట. ఎవ్వరి చెయ్యి వట్టుకోను. మా అమ్మకు తప్ప ఎవ్వలకు తెల్వది. మీరు గూడ ఎవ్వలకు జెప్పకుండ్రి."

"చెప్పను" అన్నాను. ఆ మాట చాలా తేలికగా వచ్చింది నా నోటి నుంచి.

ఆ వారం అంతా ఆలోచించి ఒక ఉపాయం చేశాను. వచ్చే శనివారం అందరూ ఒక నూలు కర్చీఫ్ తెచ్చుకోవాలని, చేతికీ చేతికీ మధ్య మడత పెట్టి పట్టుకోవాలని, పాత రోజుల్లో గొప్పవాళ్ల ఇళ్లలో ఇదే మర్యాద అని చెప్పాను. అది అబద్ధం. కానీ ఆ అబద్ధం వల్ల ముప్పై మంది పిల్లలు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. మగపిల్లలు నాన్నల కర్చీఫులు తెచ్చారు, ఒకడు ఏకంగా సగం తువ్వాలు తెచ్చాడు. ఆ అమ్మాయికి జంటగా ఆమె భుజం దాకా వచ్చే ఒక పిల్లవాడు దొరికాడు. "నాకు ముంగట ఏం కనవడ్తలే. నువ్వే తీస్కపో, నేనొస్త" అన్నాడు ఆమెతో. ఆమె నవ్వింది. ఆ క్లాసు మొదలైన ఎనిమిది వారాల్లో ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఆమె భుజాలు మెల్లగా వెనక్కి వెళ్లాయి. అందరికన్నా బాగా తిరిగేది. వార్షికోత్సవంలో ముందు జంటగా వాళ్లనే పెట్టాను. మైకులో స్వాగతం కూడా ఆమెకే ఇచ్చాను. ఒకరోజు స్కూలు వదిలాక నా వెనకే వచ్చి, "టీచర్, నేను ఇంటర్‌ల గూడ గిట్లనే నిలవడి మాట్లాడ్త గదా?" అని అడిగింది. "మాట్లాడతావు" అన్నాను.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఇది వేరే కథ అయ్యేది.

సంఘంలో నా గురించి గుసగుసలు మొదలయ్యాయి. మా సంఘ కాపరిని, అంటే పాస్టరును, అయ్యగారు అంటాం, ఆయన భార్యను అమ్మగారు అంటాం. అమ్మగారిది కోస్తా వైపు. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర, పదిమంది వింటుండగా నవ్వుతూనే అడిగారు.

"ఏమ్మా, స్కూల్లో మగపిల్లలకీ ఆడపిల్లలకీ చేతులు పట్టించి డాన్సులు వేయిస్తున్నావంట? మన పిల్లలు కూడా ఉన్నారంటగా?"

"మర్యాద నేర్పుతున్నాను అమ్మగారూ."

"మర్యాదకి గెంతడం ఎందుకమ్మా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేదాకా చెవులు మండుతూనే ఉన్నాయి. ఇద్దరు తల్లులు సండే స్కూల్‌కు వేరే టీచర్ని చూడమని అయ్యగారిని అడిగారని తర్వాత తెలిసింది. ఎలాగైనా నా మంచితనం వాళ్లకు కనపడాలనిపించింది.

శుక్రవారం ఉప్పల్‌లో ఒక అక్క ఇంట్లో స్త్రీల కూడిక జరుగుతుంది. పాట, వాక్యం అయ్యాక ఒక్కొక్కరూ దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యమో, ఎవరికోసమైనా ప్రార్థన మనవో చెబుతారు. ఇంకొకరి సంగతి చెప్పేటప్పుడు పేరు చెప్పకూడదు, అది పద్ధతి. "ఒక సహోదరి భర్త తాగుతున్నాడు" అంటారు. "ఒక కుటుంబంలో పెళ్లి ఆగింది" అంటారు. చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ అది ఎవరో తెలుసు. మా కూడికలో పేరు చెప్పకపోవడం అంటే ఆ మనిషి వైపు ఎవరూ తల తిప్పకపోవడం, అంతే. చిన్నప్పటి నుంచీ ఆ గదుల్లోనే పెరిగాను కాబట్టి అందులో తప్పుందని నాకు ఎప్పుడూ తోచలేదు.

ఆ శుక్రవారం నా వంతు వచ్చింది.

"నా దగ్గర చదివే ఒక బిడ్డ ఉంది" అని మొదలుపెట్టాను. "అరచేతులు ఎప్పుడూ చెమటతో తడిసిపోతాయి. ఎవరి చేయీ పట్టుకోలేదు. ఎవరికీ చెప్పుకోలేదు. నాకు చెప్పుకుంది. దేవుడు నాకొక ఆలోచన ఇచ్చాడు."

కర్చీఫ్ సంగతి అంతా చెప్పాను. ఆ బిడ్డ ఎలా వంగి నడిచేదో, ఇప్పుడు ఎలా నడుస్తుందో చెప్పాను. నా గొంతు వణికింది. ఆ వణుకు నిజమే. కానీ అది మధ్యలో బాగా పని చేస్తోందని కూడా నాకు తెలిసింది. "స్తోత్రం, స్తోత్రం" అన్నారు అక్కలు. అమ్మగారు కళ్లు తుడుచుకుని, "చూశారా, ఆ క్లాసులో కూడా దేవుని పనే చేస్తోంది మన అమ్మాయి" అన్నారు. నేను వెళ్లింది ఆ మాట కోసమే. అది దొరికాక, చివర్లో, అలవాటుగా, "ఆ బిడ్డ కోసం ప్రార్థించండి" అన్నాను.

తలుపు పక్కన చాప మీద కూర్చున్న ఆ అమ్మాయి తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది మా బిడ్డనే అమ్మగారూ" అంది.

అప్పుడు నాకు భయం వేయలేదు. ఇది రాయడానికే ఇన్నేళ్లు పట్టింది. భయం వేయలేదు, సంతోషం కలిగింది. నేను చెప్పింది కల్పితం కాదని సాక్షి దొరికినట్టు అనిపించింది.

రెండు రోజులకు ఆదివారం. స్వస్థత ప్రార్థన సమయంలో అయ్యగారు ఆ అమ్మాయిని ముందుకు పిలిచారు. పెద్దాయన, ప్రేమ గల మనిషి. ఆయన మనసులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. "చేతులు చాపు తల్లీ" అన్నారు. ఆమె చాపలేదు. తల్లే వచ్చి ఆ రెండు చేతులూ చున్నీలోంచి తీసి చాపించింది. అయ్యగారు నూనె రాసి, వాటిని పైకెత్తి, "చూడండి, ఈ పసిదాని చేతులు ఎలా తడిసిపోయాయో" అన్నారు. నూనే, చెమటా కలిసి మణికట్ల మీదుగా కారాయి. అందరూ కళ్లు మూసుకుని బిగ్గరగా ప్రార్థించారు. నేను మధ్యలో కళ్లు తెరిచాను. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తోంది.

వెనక చాపల మీద ఆమె తరగతి మగపిల్లలు ఇద్దరు, వాళ్ల అమ్మానాన్నలతో కూర్చుని ఉన్నారు.

సోమవారం ఇంటర్వెల్‌లో వరండాలో వినిపించింది.

"ఏయ్, మోటర్ బంద్ జెయ్యవే, ట్యాంక్ నిండింది!"

"గందుకే రా కర్చీఫులు. మర్యాద లేదు, ఏం లేదు. ఆమెను తుడుసనీకి మనమంత కొనుక్కున్నం."

"జర దూరం ఉండు రా, స్విచ్‌బోర్డ్ ముట్టుకుంటది."

నేను వెళ్లి అరిచాను. ఇద్దరినీ బయట నిలబెట్టాను. నేను అరిచాక, అప్పటిదాకా తెలియని తరగతులకు కూడా తెలిసింది. ఆమె బల్ల మీద తల పెట్టుకుని పడుకుంది. మంగళవారం స్కూలుకు రాలేదు, బుధవారమూ రాలేదు.

గురువారం స్కూలు వదిలాక వాళ్లింటికి వెళ్లాను. తల్లి మిషన్ ఆపి, నాకు చాయ్ పెట్టింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"తగ్గుతున్నది అక్కా. ప్రార్థన జేసిన కాడికెంచి తగ్గుతున్నది. ఆదివారం సాక్ష్యం జెప్పిస్త. బిడ్డతోనే జెప్పిస్త. మీరు నేర్పిన్రు గద మైకుల మాట్లాడుడు."

నన్ను సాగనంపడానికి ఆ అమ్మాయి సగం మెట్లు దిగి వచ్చింది. అక్కడ తల్లికి వినపడకుండా అడిగింది.

"తగ్గలే టీచర్. అమ్మ ముంగట తుడుసుకుంటున్న, గంతే. ఆదివారం తగ్గిందని జెప్పాల్నా? లేదంటే అమ్మ ఏడుస్తది. తగ్గిందంటే దేవుని ముంగట అబద్ధం గదా టీచర్?"

దేవుని ముందు అబద్ధం ఆడకూడదని ఆమెకు నేర్పింది నేనే. జవాబు నాకు తెలుసు. వెనక్కి తిరిగి ఆ గదిలోకి వెళ్లి, తల్లితో రెండు మాటలు చెబితే అయిపోయేది. కానీ చెబితే, శుక్రవారం నేను చెప్పింది ఎందుకు చెప్పానో కూడా చెప్పాలి.

"ప్రార్థించుకో. దేవుడే దారి చూపిస్తాడు" అన్నాను.

ఆమె "సరే టీచర్" అని పైకి వెళ్లిపోయింది. దేవుడి పేరు నా నోటి నుంచి చాలాసార్లు వచ్చింది. పారిపోవడానికి వాడుకున్నది మాత్రం ఆ మెట్ల మీదే.

శనివారం క్లాసుకు ఆమె లేదు. ఆమె జంట పిల్లవాడు కర్చీఫ్ పట్టుకుని ఒక్కడే నిలబడ్డాడు. వేరే అమ్మాయితో కలపనా అని అడిగాను.

"వద్దు టీచర్. ఆమె వస్తదేమో." కర్చీఫ్ మడత పెడుతూ, "నాకైతె ఎప్పుడో తెల్సు టీచర్. కర్చీఫ్ పిండితె నీళ్లొచ్చేటివి. ఐతేంది?" అన్నాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"నేనెందుకు జెప్త?" అని నన్ను వింతగా చూశాడు.

ఆ రోజు నేర్పాల్సింది క్షమాపణ చెప్పడం. నేనే రాసుకున్న పాఠం. ఎదుటివాళ్ల ముందు నిలబడాలి, చేసింది ఏమిటో పేరు పెట్టి చెప్పాలి, కారణాలు చెప్పకూడదు. బోర్డు మీద రెండో మాట రాశాక సుద్దముక్క కింద పెట్టాను. సైన్స్ మేడంకు క్లాసు అప్పగించి, ఆటో ఎక్కి అమ్మగారింటికి వెళ్లాను.

"రేపు ఆ పిల్లతో సాక్ష్యం చెప్పించకండి అమ్మగారూ. తగ్గలేదు."

"విశ్వాసంతో చెబితే తగ్గుతుందమ్మా."

"ఆమె నాతో ఎవరికీ చెప్పొద్దంది. నేను చెప్పాను."

"ప్రార్థన కోసమే కదా చెప్పావు? అందులో తప్పేముంది?"

"ప్రార్థన కోసం చెప్పలేదు. నన్ను మీరందరూ మెచ్చుకోవాలని చెప్పాను."

అమ్మగారు చేతిలో ఆకుకూర పళ్లెం కింద పెట్టారు. తర్వాత మెల్లగా, "నేనూ ఇలా ఎందరి సంగతులో చెప్పానమ్మా" అన్నారు. పళ్లెం మళ్లీ తీసుకుంటూ, "సరే, రేపు సాక్ష్యానికి లేపం. అయ్యగారితో నేను మాట్లాడతాను. మరి వాళ్లమ్మతో ఎవరు చెబుతారు?" అన్నారు.

"నేనే."

తల్లి నేను చెప్పిందంతా నిలబడే వింది. అప్పటిదాకా నన్ను "మీరు" అనేది.

"మొన్న నువ్వే మనవి వెట్టినవ్. ఇయ్యాల నువ్వే వద్దంటున్నవ్. నా బిడ్డ నీకు ఆడుకునే బొమ్మనా? నీ పేరు కోసం దాన్ని నలుగుట్ల వెట్టినవా?"

"అవును" అన్నాను. కారణాలు చెప్పలేదు.

ఆ అమ్మాయి లోపలి గది గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వైపు తిరిగి, నేను ఏం చేశానో చెప్పి, క్షమించమని అడిగాను. మెట్ల మీద అన్న మాటకు కూడా అడిగాను. ఆమె ఏడవలేదు.

"నన్ను అడిగితే వద్దంటుంటి టీచర్. అందుకే అడగలే మీరు" అంది.

ఆదివారం ఆమెను ఎవరూ లేపలేదు. వార్షికోత్సవంలో ఆమె డాన్సు చేయలేదు, స్వాగతం చెప్పలేదు, అసలు రాలేదు. ఆ పిల్లవాడు కూడా చేయలేదు. పదో తరగతికి ఆమెను వేరే స్కూల్లో వేశారు. మర్యాద క్లాసు ఇప్పటికీ నడుస్తోంది, నేనే చెబుతున్నాను. సార్ మెచ్చుకుంటారు.

తప్పు చేస్తే సంఘం ముందు లేచి ఒప్పుకోవాలని నాకు నేర్పారు. అలా ఒప్పుకున్నవాళ్లు తేలికైన ముఖాలతో కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చూశాను. నేనూ చాలా ఆదివారాలు లేవబోయాను. లేచి ఏం చెప్పాలి? ఏం చెప్పినా అది మళ్లీ ఆమె సంగతే. నా బరువు దించుకోవడానికి ఇంకోసారి ఆమె చేతులు పైకెత్తి చూపించాలి. అందుకని కూర్చునే ఉన్నాను. దేవునితో ఒంటరిగా చెప్పుకున్నాను. ఆయన విన్నాడని నమ్ముతున్నాను. అయినా సిగ్గు పోలేదు. పోకపోవడమే సరైనదేమో.

ఇది రాద్దామనుకున్నప్పుడు మాత్రం ముందు ఆమెను అడిగాను. ఇప్పుడు హబ్సిగూడలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ వదిలాక మెట్రో స్టేషన్ కింద కలిసింది.

"ఏం రాస్తరు టీచర్?"

"నేను చేసింది. ఎవరి పేరూ ఉండదు."

"అప్పుడు గూడ పేరు లేకుండె గద టీచర్" అంది.

అయినా వద్దనలేదు, రెండు షరతులు పెట్టింది. తనకున్న ఇబ్బంది ఏదో అది రాయకూడదు, వేరేది పెట్టాలి. రాసింది ముందు తనకు చదివి వినిపించాలి. ఒప్పుకున్నాను. అందుకే ఇందులో చేతుల చెమట నేను పెట్టింది, దానికి తగ్గట్టు ఉపాయమూ, నవ్వులూ మార్చుకోవాల్సి వచ్చింది. శుక్రవారం నేను మాట్లాడిందీ, ఎందుకు మాట్లాడానన్నదీ మార్చలేదు.

రెండు వారాల తర్వాత అదే చోట మెట్ల మీద కూర్చుని, కాగితాలు పట్టుకుని, బస్సుల చప్పుడులో మొత్తం చదివాను. ఆమె మధ్యలో ఆపలేదు. ఆఖరి కాగితం దగ్గరికి వచ్చేసరికి చేయి అడ్డం పెట్టింది.

"ఆఖరికి నేను మిమ్మల్ని మాఫ్ జేసిన అని రాసిన్రా?"

ఆ కాగితం ఆమె వైపు తిప్పాను.

"అది తీసేయుండ్రి టీచర్. ఇంకా జెయ్యలే."

అలాంటి వాక్యం ఒకటి రాసే ఉంచాను. బ్యాగులోంచి పెన్ను తీసి, ఆమె చూస్తుండగా కొట్టేశాను.